రేవు అత్తయ్య

(కోనసీమయందలి ఒక గ్రామ పఠనమందిరమున, రేవు అత్తయ్యగారి సంవత్సరీకమునాడు జరిగిన సభలో ఆమె మేనల్లుడు చేసిన ఉపన్యాస పాఠము.)



గతించినవారిని పొగడుట సులభము. వారు బ్రతికియుండగా చేసిన పనిలో ఒక చేయి వేయుట కష్టము. మన దేశమున మొదటిది విరివిగాను, రెండవది అరుదుగాను జరుగుచున్నది. ఈ సభను ఏర్పరచిన మిత్రులు నా ముందు రెండు ప్రతిపాదనములు ఉంచిరి. ఊరి మొగదల అత్తయ్యగారి పేర ముఖద్వారము నొకటి కట్టింపవలెననునది మొదటిది. పాత రేవునొద్ద విగ్రహము నిలుపవలెననునది రెండవది. ఈ రెండింటికిని కావలసిన ధనము పోగుచేయుట మనకు పెద్ద పని కాదు. అయినను ఆమె ఇంట నాలుగు సంవత్సరములు భుజించి చదువుకొన్నవాడను గనుక, ఆమె జీవితమును మీ ముందు ఉన్నదున్నట్లుగా చెప్పి, ఆ పిమ్మట ఈ ప్రతిపాదనములనుగూర్చి నా అభిప్రాయమును విన్నవించెదను.

ఆమె మా తండ్రిగారికి అక్క. నాకు మేనత్త. కాని ఊరివారందరకును ఆమె అత్తయ్యయే. గౌతమి ఆవలి ఒడ్డువారు సయితము ఆమెను "రేవు అత్తయ్య" అనియే పిలిచిరి. ఆ పేరు ఎట్లు వచ్చెనో నేటి బాలురకు తెలియదు. వారు పుట్టునప్పటికే రేవు పోయినది.

కోనసీమ యనగా గౌతమీ వసిష్ఠల నడుమ సముద్రపర్యంతము వ్యాపించిన భూమి. నడుమ వైనతేయ శాఖ. 1847 మొదలు 1852 వరకు కాటను దొర యాజమాన్యమున ధవళేశ్వరమునొద్ద ఆనకట్ట కట్టబడగా, కాలువనీరు పారి ఈ సీమ పచ్చబడినది. నీటివలన అన్నము కలిగినది. ఆ నీటివలననే రాకపోకలకు అడ్డును కలిగినది. ఈ యొడ్డున ఎదురులంక, ఆ యొడ్డున యానాము. 1954 వరకు యానాము ఫ్రెంచివారి యేలుబడిలో ఉండెను. అది దాటిన గాని కాకినాడకు త్రోవ లేదు. నాడు జనులను పడవలును, బండ్లను పంటును దాటించుచుండెను. చీకటిపడిన తరువాత చివరి పడవ పోయెనేని, తెల్లవారువరకు రేవునందే కాలక్షేపము.

ఆ చివరి పడవ తప్పినవారెవరు? మురమళ్ళలో భద్రకాళీ సమేత వీరేశ్వరస్వామివారికి ప్రతిరాత్రియు జరుగు నిత్యకల్యాణమును చేయించుకొనుటకు దూరదేశములనుండి వచ్చిన యాత్రికులు. కాకినాడ పెద్దాసుపత్రికి రోగిని మంచముమీద మోసికొనిపోవు బంధువులు. పెండ్లివారు. పరీక్షలకు పోవు విద్యార్థులు. గంపలతో చేపలమ్ముకొని తిరిగివచ్చు స్త్రీలు. వీరందరకును రేవునకు దగ్గరగా దీపము కనబడు ఇల్లు ఒక్కటియే. అది మా అత్తయ్యగారిది. చావడి పెద్దది. అరుగులు విశాలములు. కాని వచ్చినవారిని నిలిపినవి అరుగులు కావు, ఆ ఇంటి పొయ్యిమీద దింపని ఎసరు.

ఆమె పద్ధతిని కొంచెము వివరింతును. ఇంటివారికి కావలసిన బియ్యమును కొలిచి చేటలో పోసిన తరువాత, ప్రతిరాత్రియు ఆమె ఒక తవ్వ అదనముగా పోయుచుండెను. "ఇది ఇంకా రానివాడిది" అని ఆమె యనెడిది. వాడు ఎవ్వడో, ఏ కులమువాడో, వచ్చునో రాడో ఆమెకు తెలియదు. వచ్చినయెడల వేడి యన్నము. రానియెడల అది ఉదయమున మజ్జిగ పోసిన చద్దియన్నమై, పొలమునకు పోవువారికి చెల్లును. వీసమంత వృథా లేదు. పెద్దగుంపు దిగిన రాత్రులకై గుండిగలో ఎసరు కాగుచునే యుండెను. పెరటిలో పెండలము, కంద, బచ్చలి, పనస ఉండెను. మట్టలును డొక్కలును కొబ్బరితోట యిచ్చెడిది. పడవ తప్పినవాడు కాళ్లు కడిగికొని వచ్చి కూర్చుండునంతలో చారు కాగి, ఆకు పడియుండెడిది. వచ్చినవానిని ఆమె మొదట అడుగు ప్రశ్న ఒక్కటియే: "ఎంతమంది బాబూ?" పేరును ఊరును భోజనమైన పిమ్మట.

అతిథి యనగా తిథి లేనివాడని మన పెద్దలు అర్థము చెప్పుదురు. చెప్పి వచ్చువాడు చుట్టము, చెప్పక వచ్చువాడు అతిథి. చుట్టమునకు పిండివంటలు చేయుట మనకందరకును అలవాటే. చెప్పక వచ్చినవానికై ముందుగానే కొలిచియుంచుటయే కష్టము. తైత్తిరీయోపనిషత్తున శిక్షావల్లి అతిథిని దైవముగా చూడుమని ఉపదేశించుచున్నది. భృగువల్లి ఇంటికి వచ్చినవానిని కాదని పంపకుండుటను వ్రతముగా చెప్పి, ఆ వ్రతమును నడుపుటకై అన్నమును విస్తారముగా సంపాదింపుమని ఆదేశించుచున్నది. అత్తయ్య ఉపనిషత్తులను చదువలేదు. ఆమె చదువు ఐదవ తరగతితో నిలిచినది. ఉపనిషత్తు చెప్పిన వ్రతము ఆమె ఇంట తవ్వరూపమున నుండెను.

ఆమె భక్తినిగూర్చి ఒక మాట. మురమళ్ళ ఆలయమునకు ఆమె ఇల్లు దూరము కాదు. ఆమెకు వీరేశ్వరస్వామియందు అపారమైన భక్తి. ఏ పని మొదలుపెట్టినను ఆ స్వామిని తలచికొనక మొదలుపెట్టదు. అయినను తన జీవితమున ఆమె కల్యాణము చూచిన రాత్రులను వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. కల్యాణము జరుగు వేళయే, కల్యాణము చూచినవారికి అన్నము వండవలసిన వేళ. "వాళ్ళు చూసొచ్చి చెబుతారుగా, నేను వింటాను" అని ఆమె యనుచుండెను. పరస్థలమునుండి వచ్చిన ముదుసలి భోజనముచేయుచు, తలంబ్రాల ముచ్చటను వర్ణించి చెప్పుచుండగా, ఈమె వడ్డించు గరిటెను చేతబట్టుకొని నిలిచి, కన్నులు మూసికొని వినుటను నేను పలుమారులు చూచితిని. ఆలయమున నిలిచి చూచినవారిలో ఎందరికి ఆ తన్మయత్వము కలిగెనో చెప్పజాలను.

ఇట్టి భక్తికి మన సీమలో పూర్వులు కలరు. లంకల గన్నవరమునందు వెలసిన డొక్కా సీతమ్మగారి పేరు వినని తెలుగువారుండరు. ఆమె 1841లో మండపేటయందు జన్మించి, లంకల గన్నవరము కోడలై, 1909లో పరమపదించినది. ఆమె తండ్రిగారే వచ్చినవారికెల్ల అన్నము పెట్టి, "బువ్వన్న" యని జనులచే పిలువబడినవారట. వేళ గాని వేళ వచ్చినవారికి సయితము లేదనక పెట్టిన ఆ తల్లినిగూర్చి ఒక కథ కోనసీమ యందంతటను చెప్పుకొందురు. ఆమె ఎన్నియో యేండ్ల కోరిక తీర్చుకొనుటకై అంతర్వేది స్వామిదర్శనమునకు పయనమైనదట. త్రోవలో విశ్రమించినపుడు, ఆకలితో పోవుచున్న కొందరు "ఇంక కొంత దూరము నడిచిన సీతమ్మగారి ఇల్లు వచ్చును, అచ్చట అన్నము దొరకును" అని పిల్లలను ఊరడించుటను వినెనట. వినినంతనే అంతర్వేదికి పోవుట మాని, వారికంటె ముందుగా ఇంటికి చేరి వంట ప్రారంభించెనట. ఏడవ యెడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక సందర్భమున 1903లో ఢిల్లీ దర్బారు జరిగినపుడు, ఆ సన్మానమును పొందుటకు రమ్మని పిలిచినను ఆమె పోలేదని కూడ చెప్పుదురు. చక్రవర్తి దర్బారునకు పోకపోవుట గొప్పయే. కాని దేవుని దర్బారునకు పోవుచు నడుమ త్రోవలో మరలివచ్చుట అంతకంటె గొప్పయని నా తలంపు. రాజును కాదనుటకు అభిమానము చాలును. చిరకాలము కోరుకొన్న దర్శనమును వదలుకొనుటకు, ఆకలిగొన్న బిడ్డలోనే ఆ దైవము కలదను నిశ్చయము కావలెను.

ఇంతవరకు చెప్పినది విన్నవారు, "ఆహా, ఎంతటి పుణ్యాత్మురాలు!" అని చేతులు జోడించి ఇండ్లకు పోవచ్చును. అట్లు పోవలదని నా ప్రార్థన. అసలు మాట ఇప్పుడు వచ్చుచున్నది.

మన సాహిత్యమున అతిథిసేవకు పేరుపొందిన ఇల్లాలు ఎవరనగా, అల్లసాని పెద్దన మనుచరిత్రమందలి ప్రవరుని భార్య యని పండితులు చెప్పుదురు. ఎందరు వచ్చినను, ఏ వేళ వచ్చినను విసుగక వండిపెట్టు ఇల్లాలామె. మంచిదే. ఆమె పేరేమి? కవి ఆమెను సోమిదమ్మ యన్నాడు. అది పేరు కాదు. సోమయాజి భార్యకు చెల్లు గౌరవపదము. వచ్చిన సిద్ధుని కథయు, ఆయన యిచ్చిన పాదలేపము కథయు, ఆ లేపముతో హిమాలయమునకు పోయిన భర్త కథయు మనకు తెలియును. పొయ్యి యొద్ద నిలిచిన ఆ స్త్రీ పేరు మాత్రము మనకు తెలియదు. ఇది పెద్దన తప్పని నేననను. మన ఇండ్లలో ఉన్నదానినే ఆయన చెప్పెను. ఇంటి యజమానికి అన్నదాత యను కీర్తి, ఇల్లాలికి పొగ.

అయితే మన గ్రంథములలోనే దీనికి భిన్నమైన కథయు కలదు. భారతమున అశ్వమేధపర్వమందలి ముంగిస కథ మీరందరు ఎరుగుదురు. కురుక్షేత్రమున గింజలేరుకొని బ్రతుకు ఒక బ్రాహ్మణుడు, ఎన్నియో దినములు పస్తులుండిన పిమ్మట దొరికిన కొద్దిపాటి పేలపిండిని భార్యకు, కొడుకునకు, కోడలికి పంచి తినబోవుచుండగా అతిథి వచ్చెను. గృహస్థుడు తన పాలును పెట్టెను. ఆకలి తీరలేదు. భార్య తన పాలును, కొడుకు తన పాలును, కోడలు తన పాలును వరుసగా ఇచ్చిరి. ఆ పిండి రాలిన నేలమీద పొరలిన ముంగిసకు సగము మేను బంగారమయ్యెను. తక్కిన సగమునకై ధర్మరాజు యజ్ఞశాలలో పొరలెను గాని ఫలింపలేదు. ఈ కథను మనము స్వల్పదానము యొక్క మహిమను చెప్పుటకే వాడుచుందుము. నేను మరియొక సంగతిని చూపదలచితిని. ఆ ఇంట నలుగురు ఉండిరి, నలుగురును ఇచ్చిరి. ఒకరు తిని కూర్చుండగా మరియొకరు పస్తుండి పెట్టిన దానము కాదది. ఇల్లంతయు కలిసి చేసిన దానము.

అత్తయ్య ఇల్లు ఈ రెండవ కథకు చెందినది. ఆమె కాపురమునకు వచ్చిన తొలినాళ్లలో ఆ ఇంటను పురుషులు వడ్డన చూచుటయు, స్త్రీలు చల్లారినదానిని చివర తినుటయే ఆచారము. ఆమె దానిని వాదముతో మార్చలేదు. ఒక రాత్రి పెండ్లిగుంపు దిగినపుడు, మా మామయ్యగారిని పిలిచి, గుండిగ రెండవవైపు పట్టుకొమ్మనెను. ఆయన పట్టుకొనెను. మరునాడు గంజి వార్చుట నేర్చుకొనెను. సంవత్సరము తిరుగునప్పటికి కూరలు తరుగుట ఆయన పని యయ్యెను. ఊరివారు నవ్విరి. ఆయనయు వారితో కలిసి నవ్వి, కత్తిపీట ముందు కూర్చుండెను. చదువుకొను మాకు నీరు తోడుటయు, ఆకులు వేయుటయు, ఎంగిలాకులు తీయుటయు నియమింపబడెను. మగబిడ్డ, ఆడుబిడ్డ యను భేదము లేదు. "వండినవాళ్ళు చల్లారింది తింటే ఇల్లే చల్లారిపోతుంది" అని ఆమె మాట. అందుచేత రెండవ పంక్తిలో వంటచేసినవారు తప్పక కూర్చుండవలెను. వారికి మేము వడ్డింపవలెను.

ఆమె కోడలు ఉపాధ్యాయురాలగుటకు చదువదలచినపుడు, బంధువులు వచ్చి, "రేవు ఇంటికి కోడలే బలము, ఆమె పట్నమునకు పోయినయెడల అతిథులగతి ఏమి?" అని విచారించిరి. అత్తయ్య వారికి చెప్పిన సమాధానము నాకు నేటికిని చెవులలో నున్నది. "వచ్చినవాళ్ళకి అన్నం పెట్టి, ఇంటి పిల్లని పస్తుపెట్టమంటారా? ఇంట్లో ఇన్ని చేతులున్నాయి." కోడలు చదివినది. ఉద్యోగము చేసినది. పొయ్యి ఆరలేదు. కుటుంబమును బలియిచ్చి పరులకు పెట్టు దానమును ఆమె దానమనలేదు.

ఆమె జీవితమున లోపము లేదని చెప్పిన అది స్తోత్రమగును గాని చరిత్ర కాదు. ఆ ఇంట అందరకును అన్నము పెట్టుచుండిరి. ఆకులు మాత్రము అందరకును ఒకచోట వేయుట లేదు. కొందరికి చావడిలో, కొందరికి వీధియరుగుమీద, కొందరికి పశువులసావడి యొద్ద. 1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము 17వ అధికరణమున అంటరానితనమును రద్దుచేసినది. ఆ మాట మా చావడి గడప దాటుటకు చాల కాలము పట్టినది. అత్తగారి నాటినుండి వచ్చిన ఆచారమని అత్తయ్యయు దానిని అనేక సంవత్సరములు నడపెను. వేడి యన్నమే పెట్టెను, ప్రేమతోనే పెట్టెను. అయినను అరుగుమీద పెట్టెను. చెప్పక వచ్చినవాడే దైవమని నమ్మిన ఇంట, ఆ దైవమునకు మూడు చోట్ల మూడు విధములైన ఆకులు పడెను.

దానిని తుడిచిపెట్టినది 1996వ సంవత్సరము నవంబరు 6వ తేదీ రాత్రి. దీపావళికి ఇంక నాలుగు దినములున్నవి. వరి పొట్టవిప్పి కోతకు సిద్ధమగుచున్నది. ఆ రాత్రి కాకినాడకు దక్షిణమున తీరము దాటిన తుపాను మన సీమను ఏమి చేసెనో ఇచ్చట కూర్చున్న పెద్దలకు నేను చెప్పనక్కరలేదు. వేయిమందికి పైగా మరణించిరి. భైరవపాలెము, బలుసుతిప్ప వంటి తీరగ్రామములు తుడిచిపెట్టుకొని పోయినవి. కొబ్బరిచెట్లు విరిగి, కూలి, తోటలకు తోటలే నేలమట్టమైనవి. అంతకు పదియేండ్ల క్రిందట, 1986 ఆగష్టులో, ధవళేశ్వరమునొద్ద 35 లక్షల క్యూసెక్కుల ప్రవాహముతో గోదావరి పొంగినపుడు ఏటిగట్లు మనకు ఆశ్రయమిచ్చినవి. గాలికి గట్టు లేదు. పాకలు ఎగిరిపోయిన వారందరు, చీకటిలో, పిల్లలను చంకనిడుకొని అత్తయ్య ఇంటికి చేరిరి. పెంకులు చాలవరకు లేచిపోయినను గోడలు నిలిచిన ఇల్లది. అరుగు లేదు, పశువులసావడి లేదు. నిలిచినది చావడి యొక్కటే.

తెల్లవారినది. తడిసిన బియ్యమును, రాలిన కొబ్బరికాయలను పోగుచేసి ఆమె గంజి కాచెను. ఎవరెవరికి ఎచ్చట ఆకు వేయవలెనను ప్రశ్న వచ్చెను. బంధువులలో ఒకరు, పంక్తులు వేరుచేయుమని మెల్లగా సూచించిరి. అత్తయ్య తల ఎత్తకయే, "అందరూ ఒక్కసారే కూర్చోండి, వడ్డన తొందరగా తెములుతుంది" అనెను. అంతియే. ఉపన్యాసము లేదు, శాస్త్రచర్చ లేదు. అందరును కూర్చుండిరి. ఆ బంధువు మాత్రము తినక లేచిపోయెను. ఆయన ఆకును ఆమె తీయింపలేదు. ఒక పిల్లవానిని అచ్చట కూర్చుండబెట్టెను. ఆ దినమునుండి ఆ ఇంట పంక్తి ఒక్కటియే. అరుగు మరల కట్టబడినది. అచ్చట ఆకు మరల పడలేదు.

దీనినుండి మనము నేర్చుకొనవలసినది కలదు. తుపాను గోడలను పడగొట్టినది, నిజమే. కాని పడిన గోడలన్నియు మరల లేచినవి. లేవకుండ ఆపినది ఆమె మనస్సు. ఎన్ని ఊళ్లలో తుపాను పంక్తి మూడు దినములలో ముగిసి, నాలుగవ దినమున పాత పంక్తులు తిరిగి వచ్చెనో మీరే ఆలోచింపుడు.

ఇంత పెట్టుటకు ధనమెక్కడిది యని కొందరు అడుగుదురు. ఆమె ధనవంతురాలు కాదు. మూడెకరముల కొబ్బరితోట, రెండెకరముల వరిచేను. అంతే. దింపు జరిగిన ప్రతిసారియు నూటికి పది కాయలు వేరుగా పోయించి, "ఇవి రేవువి" యనుచుండెను. ఆ పది కాయల వెలతో ఉప్పు, పప్పు, చింతపండు వచ్చెను. బియ్యము చేనునుండి వచ్చెను. అప్పుచేసి ఆమె ఒక్క పూటయు ఎవ్వరికిని పెట్టలేదు. "అప్పు తెచ్చి పెట్టిన అన్నం వాళ్ళకీ అరగదు, మనకీ అరగదు" అని ఆమె సిద్ధాంతము. తుపానులో తోట పోయెను. క్రొత్తగా నాటిన మొక్క కాపునకు వచ్చువరకు దింపు లేదు. ఆ కాలమున అతిథి యాకులో రెండు కూరలు ఒకటియయ్యెను. ఇంటివారి యాకులోను ఒకటియే. చారు పలుచబడెను. రాత్రి తవ్వ మాత్రము తగ్గలేదు. దానము చేసి చెడిపోయినవారి కథలను మనము గౌరవముతో చెప్పుకొందుము. నాకు మాత్రము, చెడకుండ నలుబది యేండ్లకు పైగా పెట్టుచు వచ్చిన ఈ లెక్క ఎక్కువ గౌరవింపదగినదిగా తోచుచున్నది. చెడిపోయిన ఇంట మరునాడు ఎవ్వరికి అన్నము?

2002లో ఎదురులంకకును యానామునకును వారధి ఏర్పడెను. దేశమునకు మేలు కలిగినది. రోగి గంటలో కాకినాడ చేరుచున్నాడు. ప్రసవవేదనతో రేవున తెల్లవారువరకు ఎదురుచూడవలసిన దుర్గతి తల్లులకు తప్పినది. వారధిని చూచి అందరికంటె ఎక్కువగా సంతోషించినది అత్తయ్యయే. కాని రేవు పాడుపడినది. బస్సులు ఆగక పోవుచుండెను. చేటలో పోసిన తవ్వెడు బియ్యము ప్రతిరాత్రియు మిగులుచుండెను. నెల దినములు ఇట్లు జరిగెను. ఇంటివారు, "ఇంక చాలును, నీవు విశ్రమింపుము" అనిరి. ఆమె, "వాళ్ళు రాకపోతే ఆకలి పోయినట్టా? దిగే చోటు మారింది, అంతే" అనెను. పెద్దాసుపత్రి వరండాలలో రోగుల వెంట వచ్చినవారు పస్తులుండుట ఆమె ఎరుగును. రోగికి అచ్చట అన్నము కలదు. రోగిని కనిపెట్టుకొని కూర్చున్నవానికి లేదు. ప్రతి శనివారమును తెల్లవారుజామున పులిహోర కలిపి, ఆకుపొట్లములు కట్టి, తట్టలలో పెట్టి, మొదటి బస్సుమీద పంపుచుండెను. ఎనుబది యేండ్లు దాటిన పిమ్మట చేతులు వణకినపుడు, పొట్లములు మనుమలు కట్టిరి. ఉప్పు మాత్రము ఆమె చూచెను. ఆమె గతించిన తరువాత ఒక్క శనివారము మాత్రము తట్ట పోయెను. అనంతరము నిలిచిపోయెను. నేటికి సంవత్సరము.

సోదరులారా! స్మరణ యనగా ఏమి? వైనతేయముమీద గన్నవరమునందు 2000లో ప్రారంభమైన క్రొత్త అక్విడక్టునకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. 2024లో మన రాష్ట్రమందలి బడులలో మధ్యాహ్నభోజన పథకమునకు ఆమె పేరే పెట్టిరి. రెండును ఉచితములే. ముఖ్యముగా రెండవది. బడిలో ఆకలితో కూర్చున్న బిడ్డకు వేడి యన్నము పెట్టునపుడు ఆ పేరు చెప్పుట న్యాయము. అయితే పేరు గోడమీద నున్నది. ప్రతిదినమును ఆ బడులలో పొయ్యి యొద్ద నిలిచి వండుచున్న స్త్రీలు కలరు. వారి పేర్లు మనలో నెందరికి తెలియును? సీతమ్మగారిని నిజముగా గౌరవించువాడు మొదట తన ఊరి బడిలో వండు ఇల్లాలి పేరు తెలిసికొని, ఆమెకు కట్టెలో నీళ్లో తక్కువయైనపుడు పోయి అడుగవలెను. లేనియెడల పెద్దన కాలమునకును మన కాలమునకును భేదమేమి?

ప్రభుత్వము బియ్యమిచ్చుచుండగా, బడిలో భోజనమిచ్చుచుండగా, ఇంక గృహస్థుల అతిథిసేవ ఎందులకని యువకులు కొందరు నన్ను అడిగిరి. వారి ప్రశ్న మంచిదే. ఆకలి తీర్చుట ప్రభుత్వ ధర్మము. దానిని మనము గట్టిగా అడుగవలెను. కాని ప్రభుత్వపు లెక్కలో పేరున్నవానికే అన్నము. లెక్కకు అందనివాడు, చెప్పక వచ్చినవాడు, ఎప్పుడును ఒకడు మిగులును. వరండాలో కూర్చున్న తండ్రి పేరు ఆసుపత్రి పుస్తకములో లేదు. వానికై కొలిచిన తవ్వయే గృహస్థధర్మము.

కావున ముఖద్వారముగూర్చియు విగ్రహముగూర్చియు నా మనవి ఇది. ఆ రెండింటిని ఇప్పటికి నిలిపివేయుడు. పాత రేవునొద్ద పాడుపడిన పాక ఒకటి కలదు. దాని కప్పు బాగుచేయింతము. పొయ్యి వేయింతము. రెండు గుండిగలు అత్తయ్య ఇంటినుండి నేను తెచ్చియిత్తును. శనివారపు తట్టలను మరల పంపుదము. సంవత్సరమునకు 52 శనివారములు. ఈ సభలో కూర్చున్న ఇండ్లు అంతకంటె ఎక్కువ. ఇంటికి సంవత్సరమున ఒక్క తెల్లవారుజాము చాలును. వంతుల పట్టికను ఈ పఠనమందిరపు గోడకు అతికింతము. ఆ పట్టికకు మూడు నియమములు ఉండవలెనని నా ప్రార్థన. ప్రతి వంతునకును మొదట ఆ ఇంటి పురుషుని పేరు వ్రాయవలెను. ఇల్లాలు రాదలచిన రావచ్చును; ఆయన మాత్రము రాకతప్పదు. వంతుల వరుస చీటీలు వేసి నిర్ణయింపవలెను. ఏ వీధి, ఏ కులము అను విచారణ ఉండరాదు. గరిటె అందరి చేతికిని రావలెను. ఇక మూడవది: అప్పు చేయరాదు, చందాలకు తిరుగరాదు, ఎవరి వంతునాడు వారు తమ శక్తికి తగినంతే వండవలెను. పది పొట్లములైనను చాలును.

పది సంవత్సరములు ఈ పట్టిక నడచిన పిమ్మట, అప్పటికిని విగ్రహము కావలెనని మీకు తోచినయెడల నిలుపుడు. నేను అడ్డుచెప్పను.

వచ్చు శనివారము వంతు నాది. తెల్లవారుజామున మూడు గంటలకు పాక యొద్ద పొయ్యి రాజవేయుదును. గంజి వార్చుటకు ఇద్దరు కావలెను. రాదలచినవారు ఈ సభ ముగియునప్పుడు తమ పేర్లు చెప్పి పోవుదురు గాక.